ఏ వీధికి ఏ వైద్యుడు

1913లో లండన్‌లో ‘రౌండ్ అబౌట్ ఎ పౌండ్ ఎ వీక్’ అనే పుస్తకం వెలువడింది. రచయిత్రి మాడ్ పెంబర్ రీవ్స్. థేమ్స్ నదికి దక్షిణపు గట్టున ఉన్న లాంబెత్ పేటలో, వారానికి ఒక పౌండుకు కాస్త అటూ ఇటూగా సంపాదించే కార్మికుల ఇళ్ళకు ఫేబియన్ మహిళా బృందం వారు నాలుగేళ్ళ పాటు వారం వారం వెళ్ళి, ఇల్లాళ్ళ చేత ఇంటి ఖర్చుల పద్దులు రాయించారు. రాత రానివారు భర్త చేతనో, బడికి వెళ్ళే పిల్లల చేతనో రాయించి పెట్టారు. అద్దె, బొగ్గు, సబ్బు, రొట్టె, టీ ఆకు. వీటితో పాటు దాదాపు ప్రతి ఇంటి లెక్కలోనూ తప్పకుండా కనబడే పద్దు మరొకటి ఉంది. అది అంత్యక్రియల బీమా. పిల్లకు వారానికి ఒక పెన్నీ, తల్లికి రెండు, తండ్రికి మూడు. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో వారానికి పదకొండు పెన్నీలు. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు. మన పాత అణాల లెక్క ఎరిగినవారికి ఈ మొత్తం ఎంత బరువో తెలుస్తుంది.

ఆ డబ్బుతో పిల్లలకు పాలు కొనవచ్చు గదా అని ఆనాటి సంస్కర్తలు ఈ తల్లులను మందలించేవారు. రీవ్స్ ఆ మందలింపును ఓపికగా విడదీసి చూపించింది. బీమా లేని ఇంట్లో బిడ్డ పోతే ఉన్నవి రెండే దారులు. అప్పు చేయడం, లేదా దిక్కులేని శవం మాదిరిగా ప్యారిష్ ఖర్చుతో పూడ్పించడం. రెండవది ఆ వీధిలో తలెత్తుకోనివ్వదు. పాలు కొన్నంత మాత్రాన బిడ్డ దక్కుతుందని ఆ తల్లికి ఎవరూ హామీ ఇవ్వలేదు. చావుకు ప్రతి వారం డబ్బు కట్టిన ఆ పద్దుల్లో వైద్యానికి అంత నియమమైన చోటు కనబడదు. అంత్యక్రియలు చేసేవాడు ఇంటికి వస్తాడన్న నమ్మకం వారికి ఉంది. డాక్టరు వస్తాడన్న నమ్మకం లేదు.

జూలియన్ సింప్సన్ రాసిన ‘మైగ్రెంట్ ఆర్కిటెక్ట్స్ ఆఫ్ ది ఎన్.హెచ్.ఎస్.’ (మాంచెస్టర్ యూనివర్సిటీ ప్రెస్, 2018) చదివిన తరువాత, ఆ కథకు ముందు కథ ఏమిటన్న ఆసక్తితో రీవ్స్ పుస్తకం దాకా వెనక్కి వెళ్ళాను. భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి వచ్చిన డాక్టర్లు బ్రిటన్ పేద వీధుల్లో కుటుంబ వైద్యులుగా ఎలా స్థిరపడ్డారన్నది సింప్సన్ విషయం. ఆ వీధుల్లో అన్ని ఖాళీలు ఎందుకు ఉన్నాయన్నది నా ప్రశ్న. పల్లెలో వైద్యం అందదంటే ఎవరికైనా అర్థమవుతుంది. దూరం కంటికి కనబడుతుంది. పట్నంలో ఉన్నవాడికి డాక్టర్లకేం కొదవ అని అనుకుంటాం. పట్నంలో దూరాన్ని మైళ్ళలో కొలవలేం, అంతే.

ఆ దూరం ఒకే ఇంటి లోపల కూడా ఉండగలదని చూపించినది 1911 నాటి నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం. లాయిడ్ జార్జ్ తెచ్చిన ఈ చట్టం కింద కూలి పనివారికి, ఏడాదికి 160 పౌండ్లకు మించని జీతగాళ్ళకు ఆరోగ్య బీమా వచ్చింది. కార్మికుడు వారానికి నాలుగు పెన్నీలు, యజమాని మూడు, ప్రభుత్వం రెండు. నాలుగు ఇస్తే తొమ్మిది అన్నది ఆనాటి ప్రచారం. 1913 జనవరి నుంచి బీమా ఉన్నవాడు తమ పేటలోని డాక్టర్ల జాబితా నుంచి ఒకరిని ఎంచుకుని ఉచితంగా చూపించుకోవచ్చు. ఆ జాబితాను పానెల్ అన్నారు, అందులోని వారిని పానెల్ డాక్టర్లన్నారు. మంచి చట్టమే. అయితే బీమా సంపాదించేవాడికి మాత్రమే. భార్యకు లేదు, పిల్లలకు లేదు. కాన్పు సమయంలో ముప్పయి షిల్లింగుల ప్రసూతి భృతి ఉంది గాని, అది కూడా మొదట భర్త పేరిటే ఉండేది. తల్లికే చెందేలా చేయడానికి మహిళా సహకార సంఘం పోరాడితే 1913లో చట్టాన్ని సవరించారు.

దీని వెనుక లెక్క స్పష్టం. సంపాదించేవాడు మంచాన పడితే కుటుంబం వీధిన పడుతుంది, ఖర్చు ప్రభుత్వం మీద పడుతుంది. ఇల్లాలు మంచాన పడితే ఏమవుతుందో లెక్క వేసినవారు లేరు. ఆమె మంచాన పడదు గనుక. పడేందుకు ఆమెకు తీరిక లేదు.

ఇరవై ఏళ్ళ తరువాత మార్జరీ స్ప్రింగ్ రైస్ ఆ లెక్క వేసింది. ఆమె రాసిన ‘వర్కింగ్ క్లాస్ వైవ్స్’ 1939లో పెలికన్ ప్రచురణగా వచ్చింది. 1,250 మంది పెళ్ళయిన శ్రామిక స్త్రీల జవాబులు అందులో ఉన్నాయి. ఒక వైద్యురాలిగా నాకు ఈ పుస్తకం చదవడం కష్టమైంది. నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే బాగానే ఉందని రాసిన స్త్రీలు, ఆ కిందనే రక్తహీనత, నడుము నొప్పి, పుచ్చిన పళ్ళు, కాళ్ళలో ఉబ్బిన నరాలు, కాన్పు తరువాత జారిన గర్భసంచి అని ఒక్కొక్కటే చెబుతూ పోతారు. బాగుండటం అంటే లేచి పని చేసుకోగలగడం. మొత్తం మీద ఆరోగ్యంగా ఉన్నారనదగినవారు మూడో వంతు కూడా తేలలేదు. డాక్టరుకు చూపించుకున్నారా అంటే లేదు. పిల్లలకైతే వెళతారు, భర్తకు పానెల్ ఉంది, తనకోసమని వెళ్ళడం అన్నిటికన్నా చివర.

ఆ రోజుల్లో బీమా లేని మనిషికి దారులు లేకపోలేదు. కొందరు డాక్టర్లు తమ తరఫున ఒక వసూలుదారును పెట్టి, శుక్రవారం కూలి అందే వేళకు వీధి వీధీ తిప్పి పెన్నీలు పోగుచేసేవారు. పేదపేటల్లో ఆరు పెన్నీలకే మందు సీసాతో సహా ఇచ్చే డాక్టర్లు ఉండేవారు. ధర్మాసుపత్రుల ఔట్ పేషెంట్ విభాగాలు ఉండేవి. అక్కడ ఆల్మొనర్ అనే ఉద్యోగిని ముందుగా ఇంటి ఆదాయం ఆరా తీసేది. ఇవేవీ కాకపోతే మందుల కొట్టువాడే గతి. పానెల్ రోగులకు పక్క గుమ్మం, ఫీజు ఇచ్చేవారికి ముందు గుమ్మం పెట్టిన డాక్టర్లూ ఉన్నారు. ఎ.జె. క్రోనిన్ నవల ‘ది సిటాడెల్’ (1937) ఈ లోకాన్నే చిత్రించింది. దేవానంద్ నటించిన ‘తేరే మేరే సప్నే’కు మూలం అదే. సినిమా చూసినవారు నవల కూడా చదవాలి. రెండో సగంలో డాక్టరు డబ్బు వైపు జారిపోయే తీరు నవలలోనే నమ్మబుద్ధవుతుంది.

ఇక్కడ ఒక మనదేశస్థుడి ప్రస్తావన తప్పదు. లండన్ మధ్యలోని ఫిన్స్‌బరీ ఆనాడు కిక్కిరిసిన పేదపేట. పంజాబు నుంచి వచ్చిన డాక్టర్ చునీలాల్ కటియాల్ మొదట తూర్పు లండన్‌లోని కానింగ్ టౌన్‌లో ప్రాక్టీసు పెట్టాడు. 1931లో గాంధీజీని చార్లీ చాప్లిన్ కలుసుకున్నది అక్కడ ఈయన ఇంట్లోనే. తరువాత ఫిన్స్‌బరీకి మారి, కౌన్సిలరుగా గెలిచి, అక్కడి ప్రజారోగ్య సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1938లో మేయరు కూడా అయ్యాడు. బ్రిటన్‌లో దక్షిణాసియా మూలాలున్న తొలి మేయరు ఆయనే. ఆయన పూనికతో, బెర్తోల్డ్ లుబెట్కిన్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనాతో, 1938 అక్టోబరులో ఫిన్స్‌బరీ హెల్త్ సెంటర్ తెరుచుకుంది. క్షయ క్లినిక్కు, పళ్ళ డాక్టరు, స్త్రీల క్లినిక్కు, పాదాల చికిత్స, నల్లులు పట్టిన పక్కబట్టలను శుద్ధి చేసే యంత్రాలు, చివరికి శవాల గది కూడా ఒకే కప్పు కింద. వెలుతురు ధారాళంగా పడే గాజు గోడలు. వెలుతురు చొరని ఇళ్ళ నుంచి వచ్చేవారి కోసం అలా కట్టారు.

ఈ కట్టడానికి ఇంకో చిన్న చరిత్ర ఉంది. యుద్ధకాలంలో, 1942లో, ఏబ్రం గేమ్స్ అనే చిత్రకారుడు ఈ హెల్త్ సెంటర్ బొమ్మ వేసి, దాని వెనుక శిథిలమైన పాత గోడల మధ్య రికెట్స్‌తో కాళ్ళు వంగిన పసివాడిని చూపించాడు. మనం పోరాడుతున్నది ఇలాంటి దేశం కోసం అన్నది భావం. బ్రిటన్‌లో అలాంటి పిల్లలున్నారని చూపడం చర్చిల్‌కు నచ్చలేదు. పోస్టరును ఉపసంహరించారు.

కటియాల్ 1948లో భారతదేశానికి తిరిగి వెళ్ళి, ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్‌కు డైరెక్టర్ జనరల్ అయ్యాడు. మనం ఇ.ఎస్.ఐ. అంటామే, అదే. హైదరాబాదు వారికి సనత్‌నగర్ ఆసుపత్రితో పరిచయమైన పేరు. విచిత్రమేమంటే అది కూడా మొదట్లో కార్మికుడికి మాత్రమే వైద్యం ఇచ్చింది. కుటుంబాలకు విస్తరించడానికి మరికొన్నేళ్ళు పట్టింది. లాంబెత్ ఇల్లాలి కథే కాన్పూరు ఇల్లాలికీ జరిగింది. ఈ విషయంలో కటియాల్ ఏమనుకున్నాడో తెలుసుకోవాలని నాకు చాలా కుతూహలం.

1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్, వేల్స్ బొగ్గుగనుల పట్టణమైన ట్రెడీగర్ నుంచి వచ్చినవాడు. డబ్బు అడ్డు ఒక్క రోజులో తొలగిపోయింది. ఆ ఏడు గడిచేలోపు జనాభాలో తొంభై శాతానికి పైగా ఏదో ఒక కుటుంబ వైద్యుడి దగ్గర పేరు నమోదు చేసుకున్నారు. తొలి వారాల్లో డాక్టర్ల గదుల ముందు నిలుచున్నవారిలో ఎక్కువగా చెప్పుకున్నది స్త్రీల గురించే. ఏళ్ళ తరబడి గుడ్డతో కట్టుకుని తిరిగిన హెర్నియాలు, జారిన గర్భసంచులు, ఎన్నడూ ఎవరికీ చూపని పుళ్ళు. స్ప్రింగ్ రైస్ జాబితాలోని జబ్బులన్నీ తలుపు తీయగానే లోపలికి నడిచి వచ్చాయి. మొదటి ఏడాదిలోనే 50 లక్షల జతలకు పైగా కళ్ళద్దాలు ఇచ్చారు. ఇదంతా దుబారా అని అప్పుడు గోల చేసినవారున్నారు. నాకైతే అది అన్నేళ్ళుగా పేరుకున్న బాకీ.

అయితే బెవన్ చేయలేని పని ఒకటి మిగిలింది. రోగి దగ్గర ఫీజు తీసేయగలిగాడు గాని, ఏ డాక్టరు ఏ వీధిలో కూర్చోవాలో నిర్ణయించలేకపోయాడు. 1948కి ముందు ప్రాక్టీసు అంటే కొనుక్కునే ఆస్తి. ముసలి డాక్టరు తన రోగులతో సహా దుకాణాన్ని కుర్ర డాక్టరుకు అమ్మేవాడు, కుర్రవాడు అప్పు చేసి కొనేవాడు. సహజంగానే ఫీజు ఇచ్చుకోగలిగినవారు ఉండే వీధుల్లో డాక్టర్లు గుమిగూడారు. కొత్త చట్టం ఆ అమ్మకాలను నిషేధించి, డాక్టర్లకు 6.6 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. మెడికల్ ప్రాక్టీసెస్ కమిటీ అని ఒకటి పెట్టి దేశాన్ని ప్రాంతాలుగా విభజించింది. డాక్టర్లు ఇప్పటికే ఎక్కువగా ఉన్న చోటికి కొత్తవారిని రానివ్వరు. తక్కువగా ఉన్న చోటికి మాత్రం ఎవరినీ బలవంతంగా పంపలేరు. ‘అక్కడికి వద్దు’ అనే అధికారం ఉంది, ‘ఇక్కడికి రా’ అనే అధికారం లేదు. ఇక చట్టంలో రాసిన హెల్త్ సెంటర్లు తరువాతి పదిహేనేళ్ళలో బహు కొద్దిగానే లేచాయి. ఫిన్స్‌బరీ ఒంటరి నమూనాగానే మిగిలిపోయింది.

ఆ వీధులు ఎలా ఉన్నాయో 1950లో ఆస్ట్రేలియా డాక్టరు జోసెఫ్ కాలింగ్స్ ‘లాన్సెట్’ పత్రికలో రాశాడు. ఊరూరా తిరిగి, ప్రాక్టీసుల్లో కూర్చుని చూసి రాసిన నివేదిక అది. పారిశ్రామిక నగరాల్లోని ప్రాక్టీసుల గురించి రాసిన భాగాలను నేటికీ నొచ్చుకోకుండా చదవలేం. పరీక్ష చేయడానికి బల్ల లేని గదులు, నిమిషాల్లో తేల్చేసే రోగులు, రోగిని తాకకుండానే రాసే మందు చీటీలు. బ్రిటిష్ డాక్టర్ల సంఘానికి ఇది మింగుడుపడలేదు. పరాయివాడు వచ్చి మన ఇంటి గుట్టు రట్టు చేశాడన్నట్టు ప్రవర్తించారు.

మరో ఇరవై ఏళ్ళకు, 1971 ఫిబ్రవరి 27 నాటి అదే ‘లాన్సెట్’లో, వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల గ్రామంలో ప్రాక్టీసు చేసే జూలియన్ ట్యూడర్ హార్ట్ ఒక వ్యాసం ప్రచురించాడు. వైద్యంలో ఇంతగా ఉదహరించిన వ్యాసాలు తక్కువ. అవసరం ఎక్కడ ఎక్కువో మంచి వైద్యం అక్కడే తక్కువ అన్నది ఆయన చెప్పిన సూత్రపు తాత్పర్యం. దానికి ‘విలోమ సంరక్షణ సూత్రం’ అని పేరు పెట్టాడు. జబ్బులు ఎక్కువగా ఉండే పారిశ్రామిక పేటల్లో డాక్టరుకు రోగులు ఎక్కువ, ఆసుపత్రి మద్దతు తక్కువ, గదులు పాతవి. ఆరోగ్యవంతులు నివసించే శివార్లలో అన్నీ తారుమారు. వైద్యం మార్కెట్టుకు ఎంత దగ్గరైతే ఈ సూత్రం అంత గట్టిగా పని చేస్తుందని కూడా ఆయన అన్నాడు. చాలామంది మొదటి వాక్యాన్నే ఉదహరించి ఈ రెండవదాన్ని వదిలేస్తారు. అది కాకతాళీయం కాదని నా అనుమానం.

సింప్సన్ పుస్తకం సరిగ్గా ఈ చోట అందుకుంటుంది. 1960లలో బ్రిటిష్ డాక్టర్లు కెనడాకు, ఆస్ట్రేలియాకు, అమెరికాకు వలస పోయారు. ఉన్నవారు పారిశ్రామిక పేటల వైపు చూడలేదు. మరి విలోమ సూత్రం తన పని తాను చేసుకుపోతుంటే మాంచెస్టరు మురికివాడల్లో, వేల్స్ లోయల్లో, తూర్పు లండన్‌లో తలుపులు ఎలా తెరుచుకుని ఉన్నాయి? దక్షిణాసియా నుంచి వచ్చిన డాక్టర్ల వల్ల. 1980ల నాటికి దేశంలోని కుటుంబ వైద్యుల్లో దాదాపు 16 శాతం మంది భారత ఉపఖండంలో పుట్టినవారని సింప్సన్ లెక్క. ఈ సగటు కూడా మోసకారి. సంపన్న శివార్లలో వారు చాలా తక్కువ, పేద నగర పేటల్లో చాలా ఎక్కువ.

వారు అక్కడికి ఎలా చేరారన్నదే ఈ పుస్తకానికి గుండె. నలభై మంది డాక్టర్లతో ముఖాముఖి మాట్లాడి, ప్రభుత్వ పత్రాలతో సరిపోల్చి సింప్సన్ చెప్పే కథ ఇది. చాలామంది కుటుంబ వైద్యులం కావాలని రాలేదు. ఎఫ్.ఆర్.సి.ఎస్., ఎం.ఆర్.సి.పి. చేసి వెనక్కి వెళదామనో, ఇక్కడే కన్సల్టెంటు అవుదామనో వచ్చారు. ఆసుపత్రుల్లో కింది స్థాయి ఉద్యోగాలు సులువుగా దొరికేవి. ఈ కుర్ర డాక్టర్లు లేకుంటే హెల్త్ సర్వీస్ కూలిపోయేదని 1961లోనే ప్రభువుల సభలో కోహెన్ ప్రభువు ఒప్పుకున్నాడు. పై మెట్టుకు వచ్చేసరికి జనరల్ మెడిసిన్, సర్జరీ వంటి పేరున్న శాఖల్లో తలుపులు మూసుకునేవి. వృద్ధుల వార్డులు, మానసిక వైద్యశాలలు మిగిలేవి. లేదా ఎవరూ కోరని వీధిలో ఖాళీగా ఉన్న ప్రాక్టీసు.

నేను పని చేసే ఉత్తర ఇంగ్లండు పట్టణంలో అలాంటి తెలుగు డాక్టరు ఒక పెద్దాయన ఉన్నారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1960ల చివర వచ్చారు. రిటైరై చాలా కాలమైంది. ఈ పుస్తకం గురించి చెబితే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత అన్నారు: “సర్జన్ని అవుదామని వచ్చానమ్మా. ఆరేళ్ళు రిజిస్ట్రారుగా చేశాను. ఇంటర్వ్యూలకు పిలిచేవారు, మర్యాదగా మాట్లాడేవారు, పక్కవాడికి ఇచ్చేవారు. పిల్లలకు బడి వయసు వచ్చింది. ఇక్కడ ఒక ప్రాక్టీసు ఖాళీగా ఉందన్నారు. ఎందుకు ఖాళీగా ఉందో నేను అడగలేదు.” మూతపడిన మాంసం కొట్టునే కన్సల్టింగ్ గదిగా మార్చుకున్నారట. ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడే చేశారు.

వివక్ష ఉందనడానికి ఆధారమేదని అడిగేవారికి 1993లో అనీజ్ ఇస్మాయిల్, శామ్ ఎవరింగ్టన్ అనే ఇద్దరు డాక్టర్లు జవాబు చెప్పారు. ఒకే రకమైన చదువు, అనుభవం ఉన్నట్టు దరఖాస్తులు తయారు చేసి, కొన్నిటికి ఇంగ్లీషు పేర్లు, కొన్నిటికి ఆసియా పేర్లు పెట్టి ఆసుపత్రి ఉద్యోగాలకు పంపారు. ఇంగ్లీషు పేర్లకు పిలుపు వచ్చే అవకాశం రెండింతలుగా తేలింది. ఫలితం ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చింది. అంతకుముందే మోసపూరిత దరఖాస్తులు పంపారన్న ఆరోపణపై పరిశోధకులను పోలీసులు అరెస్టు చేశారు. వివక్ష చూపినవారి జోలికి ఎవరూ పోలేదు.

నగరంలోని పేద ఇంటికి డాక్టరు దొరికాడు. దొరకడానికి కారణం విధానం కాదు, ప్రణాళిక కాదు. మరొకరికి వేరే తలుపులు మూసివేయడం. ఒక అన్యాయం ఇంకొక అన్యాయపు గుంటను పూడ్చింది. ఈ మాటను సింప్సన్ ఇంత సూటిగా అనడు. తన కథానాయకులకు ‘వాస్తుశిల్పులు’ అని గౌరవమైన పేరు పెట్టాడు. వారు కేవలం ఖాళీలు నింపినవారు కారని, కుటుంబ వైద్యాన్ని తమ తీరులో మలిచారని ఆయన వాదన. కొంత నిజమే. పంజాబీ, ఉర్దూ వచ్చిన డాక్టరు ఉన్న చోట, వలస వచ్చిన ఇంటి ఇల్లాలు తన కొడుకును దుబాసీగా వెంటబెట్టుకోకుండా తన జబ్బు తానే చెప్పుకోగలిగింది. స్ప్రింగ్ రైస్ స్త్రీలకు కూడా దక్కని సౌకర్యమది. కొందరు గనికార్మికుల ఊళ్ళలో ముప్పయి ఏళ్ళు ఉండి మూడు తరాలను చూశారు. 1975లో ఓవర్సీస్ డాక్టర్స్ అసోసియేషన్ పెట్టుకుని గొంతు విప్పారు. సరిగ్గా ఆ ఏడాదే జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ డిగ్రీలకు అప్పటిదాకా ఉన్న పూర్తి గుర్తింపును ఉపసంహరించుకుంది.

అయినా నాకు ఆ పేరు పూర్తిగా ఒప్పుదల కాలేదు. వాస్తుశిల్పి స్థలం ఎంచుకుంటాడు, నమూనా గీస్తాడు. వీరికి దొరికినది మిగిలిపోయిన స్థలం, శిథిలమైన కొట్టు. లుబెట్కిన్ వాస్తుశిల్పి, కటియాల్‌ను కూడా అలా అనవచ్చు, ఎందుకంటే ఆయన చేతిలో పురపాలక సంఘపు ఖజానా ఉంది. మా పెద్దాయన చేతిలో ఉన్నది బ్యాంకు అప్పు. పైగా ఆ ప్రాక్టీసులన్నీ మంచివని చెప్పడం కూడా సత్యం కాదు. 1981లో ఎచిసన్ కమిటీ లోపలి లండన్ ప్రాథమిక వైద్యం గురించి ఇచ్చిన నివేదిక చూస్తే తెలుస్తుంది: ఒంటరిగా నడిపే ప్రాక్టీసులు, వయసు మళ్ళిన డాక్టర్లు, చాలని గదులు, సాయంత్రం తాళం పడితే డాక్టరు దొరకని వీధులు. అందుకే జనం చిన్న జబ్బుకూ ఆసుపత్రి క్యాజువాలిటీకి పోయేవారు. కాలింగ్స్ చూసిన దృశ్యాలు ముప్పయి ఏళ్ళ తరువాత కూడా చాలావరకు అలాగే ఉన్నాయి. అంతకు ఏడాది ముందు, 1980 ఆగస్టులో, వర్గాల మధ్య ఆరోగ్య వ్యత్యాసాలు తగ్గకపోగా పెరిగాయని తేల్చిన బ్లాక్ నివేదికను ప్రభుత్వం సెలవుల వారంలో, టైపు చేసిన 260 ప్రతులతో సరిపెట్టి విడుదల చేసింది. ఎవరూ చదవకూడదని అలా చేస్తే, అందుకే అందరూ చదివారు.

నేటి లెక్క కూడా చెప్పాలి. ఇంగ్లండులో అత్యంత పేద ప్రాంతాల ప్రాక్టీసులకు, అవసరాన్ని లెక్కలోకి తీసుకుంటే, సంపన్న ప్రాంతాల వాటికన్నా ఒక్కో రోగికి సుమారు 7 శాతం తక్కువ నిధులు అందుతున్నాయని 2020లో హెల్త్ ఫౌండేషన్ చూపించింది. 2004 నుంచి వాడుతున్న నిధుల సూత్రం వయసుకు ఇచ్చినంత విలువ పేదరికానికి ఇవ్వదు. ట్యూడర్ హార్ట్ 2018లో కన్నుమూశాడు. ఆయన సూత్రం ఇంకా పనిలోనే ఉంది.

గుంటూరులో ప్రజల డబ్బుతో చదివిన డాక్టరు ఇంగ్లండులో మాంసం కొట్టులో ప్రాక్టీసు పెడితే, గుంటూరు పేదపేటల్లో ఆ పని ఎవరు చేశారన్న ప్రశ్న సింప్సన్ పరిధిలోనిది కాదు. మన పరిధిలోనిది. 1946లో భోర్ కమిటీ బ్రిటిష్ ఇండియాలో సుమారు 6,300 మందికి ఒక డాక్టరు చొప్పున ఉన్నారని లెక్క తేల్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలన్నది. ఆ పేరు 1920లో బ్రిటన్‌లో డాసన్ నివేదిక వాడినదే. ఆ దేశంలో అది చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది, మన పల్లెల్లో 1952 నుంచి ఎంతో కొంత రూపం దాల్చింది. పట్నాలకు మాత్రం ఇవ్వలేదు. ఉస్మానియా ఉంది, గాంధీ ఉంది, విశాఖలో కింగ్ జార్జ్ ఉంది, చాలదా అనుకున్నారు. పెద్దాసుపత్రిలో వరుసలో నిలబడటానికి ఒక రోజు కూలి పోతుంది. దగ్గుకూ జ్వరానికీ, ముఖ్యంగా ఆడవాళ్ళ జబ్బులకు, ఎవరు ఒక రోజు కూలి పోగొట్టుకుంటారు? బస్తీ చివర ఆర్.ఎం.పి. ఉన్నాడు. అతడు రాత్రి తొమ్మిదికి కూడా తలుపు తీస్తాడు, అప్పు పెడతాడు, అడిగిన సూది వేస్తాడు. ఆ సూది వల్ల జరిగే చెరుపు నాకు తెలుసు. అతడు లేకుంటే ఆ వేళకు ఎవరుంటారో కూడా తెలుసు.

పట్టణ మురికివాడల్లో ఆరోగ్య కేంద్రాలు పెట్టమని కృష్ణన్ కమిటీ 1982లో సిఫారసు చేసింది. గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో వస్తే పట్టణ మిషన్ 2013లో వచ్చింది. హైదరాబాదులో బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. ఈ మధ్యలో, 2007లో, ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషను చేయించుకోగలిగిన పేదవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఆ పథకాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. కాని అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరే జబ్బుల పథకం. ఆ గుండెను అక్కడిదాకా తెచ్చిన రక్తపోటుకు నెలనెలా బిళ్ళలు ఇచ్చి, నాడి పట్టుకుని, ఎందుకు మానేశావమ్మా అని అడిగే మనిషి దాని పరిధిలో లేడు. లాంబెత్ పద్దుల్లో చావుకు నియమంగా చోటు ఉండి వైద్యానికి లేకపోవడం నాకు ఇక్కడ గుర్తుకొస్తుంది.

సింప్సన్ పుస్తకంలో నాకు తోచిన లోటు ఒకటి. ఆయన వెతుక్కుంటూ వెళ్ళినది డాక్టర్ల దగ్గరికి. ఒంటరి ప్రాక్టీసులు చాలావరకు ఇద్దరు నడిపినవి. మా పెద్దాయన భార్య గుంటూరులో బి.ఎస్సీ. చదివారు. పగలు చీటీలు రాసి, రికార్డులు సర్ది, రాత్రిళ్ళు ఇంటి ఫోను ఎత్తి, ఏ పిలుపు తెల్లారేదాకా ఆగగలదో ఏది ఆగలేదో తేల్చినది ఆమే. జీతం ఎప్పటినుంచి తీసుకున్నారండీ అని అడిగితే నవ్వేశారు.

రీవ్స్ పుస్తకానికి కాపీరైటు తీరిపోయింది, అంతర్జాలంలో సులువుగా దొరుకుతుంది. స్ప్రింగ్ రైస్ పుస్తకాన్ని 1981లో విరాగో వారు మళ్ళీ ముద్రించారు; పాత పుస్తకాల దుకాణాల్లో వెతకాలి. సింప్సన్ పుస్తకం విద్యావేత్తల శైలిలో ఉంటుంది, మొదటి అధ్యాయాలు కాస్త బరువు. డాక్టర్లు తమ మాటల్లో చెప్పుకున్న భాగాలతో మొదలుపెట్టి, తరువాత వెనక్కి వెళితే హాయిగా సాగుతుంది.